సముద్రం పక్కకి ఒరిగిన ముక్కు

2017లో నా పనిగది ఆమదాలవలసలో, స్టేషనుకు వెళ్లే రోడ్డు మీద, ఒక ధాన్యం వ్యాపారి కొట్టు పై అంతస్తులో ఉండేది. కింద బస్తాలు దించుతుంటే లేచే ఊక దుమ్ము కిటికీలోంచి వచ్చి నా స్కానరు మీద వాలేది. రోజూ పొద్దున్నే నా మొదటి పని దాని అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవడం. బయట బోర్డు మీద ‘త్రీడీ స్కానింగ్, ప్రింటింగ్’ అని రాయించాను. మొదటి ఆరు నెలలూ మెట్లెక్కి వచ్చి జెరాక్సు తీస్తారా అని అడిగినవాళ్లే ఎక్కువ. తరవాత పళ్ల డాక్టర్లు దవడ నమూనాల కోసం, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టుల కోసం రావడం మొదలుపెట్టారు.

అంతకు ముందు పదేళ్లు హైదరాబాదులో ఒక యానిమేషన్ స్టూడియోలో ఉన్నాను. అక్కడ నేను చేసిన పనిని ‘కరెస్పాండెన్స్’ అంటారు. పేరు పెద్దదే గాని సంగతి చిన్నది. ఒక మనిషి ముఖాన్ని స్కాన్ చేస్తే కంప్యూటరులో అది వేల ముడులతో అల్లిన వలలా వస్తుంది. దాన్ని మెష్ అంటారు. ప్రతి ముడికీ ఒక నంబరు ఉంటుంది. ఒక ముఖంలో ముక్కు కొస మీద ఉన్న నంబరు ఇంకో ముఖంలో చెవి తమ్మె మీద ఉండొచ్చు. ఒకరి నవ్వును ఇంకొకరి ముఖానికి తొడగాలంటే, ఇందులోని ఈ ముడికి అందులోని ఆ ముడి జత అని ముందు తేల్చాలి. దర్జీ రెండు గుడ్డముక్కల మీద సుద్దతో గుర్తులు పెట్టుకుని ఆ గుర్తులు కలిపి కుడతాడు చూడండి, మేమూ కంటి కొసల దగ్గర, పెదవి మూలల దగ్గర చేత్తో కొన్ని గుర్తులు పెడతాం. వాటిని ల్యాండ్‌మార్కులు అంటారు. మిగతా జతలు ప్రోగ్రాం లెక్కగట్టుకుంటుంది.

ఈ పనిలో ఎంతటివాళ్లయినా ఒకసారి బోల్తా పడే చోటు ఎడమ, కుడి. కుడి చెవి నుంచి ముక్కుకి ఎంత దూరమో ఎడమ చెవి నుంచీ ఇంచుమించు అంతే. దూరాలు మాత్రమే చూసే ప్రోగ్రాముకి రెండింటికీ తేడా తెలియదు. ఒక్కోసారి హాయిగా తిరగేసి కూర్చుంటుంది. మా స్టూడియోలో ఒక బొమ్మ కుడి కన్ను కొట్టాల్సింది ఎడమ కన్ను కొట్టింది. డైరెక్టరు నన్ను పిలిచి, ‘పక్కన హీరోయిన్ ఉంటే వీడు గోడకి కన్ను కొడుతున్నాడేమిటమ్మా’ అన్నాడు. ఆ రోజు నుంచి ఎడమ కుడుల విషయంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు గట్టి నమ్మకం. ఈ కథ ఆ నమ్మకం గురించే.

ఆ ఏడు వేసవి పోయి వానలు మొదలయ్యే రోజుల్లో, మధ్యాహ్నం పూట, ఒకతను గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లు ఉంటాయి. ఎండకు కాలిన ముఖం.

‘‘మేడమ్, ఇక్కడ తలకాయలు సేస్తారంట?’’

నాకు నవ్వాగలేదు. ‘‘ఎవరు చెప్పారు?’’

‘‘టెక్కలిలో పళ్ల డాట్రు గారు. పళ్లు సేసినోలు తలకాయ సెయ్యలేరా, ఎల్లి అడుగు అన్నారు.’’

పేరు గురువులు. ఊరు భావనపాడు. వాళ్ల అన్న తలకాయ కావాలట. మీ అన్నని తీసుకురా, అరగంట కదలకుండా కూర్చుంటే చాలు, స్కాన్ చేస్తాను అన్నాను. అతను నేల చూశాడు.

‘‘ఆడు సముద్రంలో ఉండిపోనాడు మేడమ్.’’

నా నవ్వు నాకే సిగ్గనిపించింది. కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ‘‘ఎప్పుడు? ఏటైంది, సెప్పు,’’ అన్నాను. హైదరాబాదులో పదేళ్లు కష్టపడి నేర్చుకున్న ‘చ’ అతని ముందు రెండు నిమిషాల్లో ఊడిపోయింది.

అన్న పేరు అప్పలరాజు. అంతకు ముందు ఏడాది వేటకు వెళ్లి తిరిగొస్తూ, ఒడ్డు కనిపిస్తున్నంత దగ్గరలో కెరటం తిరగబడి పడవ బోల్తా పడింది. నలుగురిలో ముగ్గురు ఈదుకుని వచ్చారు. అప్పలరాజు రాలేదు. ఒళ్లు కూడా దొరకలేదు. తల్లి పోలమ్మకి అంతకు రెండేళ్ల ముందే నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. ఇంక చూపు రాదని డాక్టర్లు తేల్చేశారు.

‘‘పోటో పెద్దది కట్టించినాం మేడమ్. మా యమ్మ దాన్ని తడిమి సూసి, ఇది అద్దం గదరా అన్నాది.’’

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. ‘‘మా కాడ ఎవులైనా పోతే తల్లి ఆ తలకాయ ఒళ్లో ఎట్టుకుని ఏడుస్తాది. మా యమ్మకి ఆ తలకాయ దొరకనేదు. ఏడాది అయిపోతన్నాది, కంట్లోంచి ఒక్క సుక్క రానేదు. ముద్ద ఎడితే తింటాది, నేకపోతే నేదు. అలాగ కూకుంటాది. ఏడాది కర్మ ఐదు వారాలున్నాది. ఈలోగా ఒక్కసారి ఏడిస్తే బతుకుతాది మేడమ్. అందుకొచ్చినాను.’’

మనిషి లేకుండా ముఖం చేయడం అయ్యే పని కాదని చెప్పబోయాను. అంతలో అతని ముఖం చూశాను. ‘‘నువ్వూ మీ అన్నా ఒకేలా ఉంటారా?’’

‘‘ఎనకనించి సూస్తే ఊరంతా పొరబడేది. ముందునించి సూస్తే ఆడే అందగాడు.’’

దారి దొరికింది. తమ్ముడి ముఖం స్కాన్ చేస్తే ఎముక పొందిక, నుదురు వాలు, చెవుల తీరు చాలావరకు వచ్చేస్తాయి. అన్న ఫోటోల్లో గుర్తులు పెట్టి, తమ్ముడి మెష్ మీద అవే గుర్తులు పెట్టి, ఈ ముఖాన్ని మెల్లగా ఆ ముఖం వైపు జరపాలి. గురువుల్ని స్టూలు మీద కూర్చోబెట్టి స్కానరు వెలుగు వేశాను. ముఖం మీద ఆ చారలు పాకుతున్నంతసేపూ అతను ఊపిరి బిగబట్టాడు. ఊపిరి తీసుకోవచ్చు బాబూ అని నేనే చెప్పాల్సి వచ్చింది.

ఫోటోలు మాత్రం ఏడిపించాయి. అప్పలరాజు ఫోను అతనితోనే పోయింది. స్నేహితుల ఫోన్లలో ఉన్నవి వెతికి పదకొండు పంపారు. ఎవరు తీశారో, ఎవరికి ఎవరు పంపారో తెలియదు. చాలావాటిలో పక్కవాళ్లను కత్తిరించేశారు. బనియనుతో ఒక నల్లటి మనిషి, ఎండకు కళ్లు చికిలించి నవ్వుతూ ఉన్నాడు. ఆధారు కార్డు ఫోటో గురించి చెప్పక్కర్లేదు, అందులో ఎవరు ఎవరో దేవుడికే తెలియాలి.

పదిహేను రోజులు ఆ ముఖంతోనే గడిపాను. ఒక చిక్కు వచ్చింది. కొన్ని ఫోటోల్లో ముక్కు ఇటు ఒరిగినట్టుంది, కొన్నిట్లో అటు. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పక్కకు లాగినట్టు రావడం మామూలే. అదే అనుకున్నాను. ప్రోగ్రామును సగటు తీయమన్నాను. అటువి ఇటువి కలిసిపోయి ముక్కు చక్కగా మధ్యకొచ్చి నిలబడింది. దవడలు రెండూ సమంగా వచ్చాయి. నాకు ముందు నుంచీ రెండు పక్కలూ సమంగా ఉన్న ముఖమంటే ముచ్చట. తెర మీద తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయాను. గురువులు వచ్చి చూసి, ‘‘అన్న ముక్కు ఇంత బాగుండదేమో,’’ అని నసిగి, ‘‘అయినా కంప్యూటరు గదా, దానికి తెలుస్తాది,’’ అన్నాడు. ఏదో చెప్పబోయి ఆగినట్టు నాకు అనిపించింది గాని నేను అడగలేదు.

తల ముక్కలుగా ప్రింట్ అవుతున్న ఆ నాలుగు రోజులూ మిషను ముందు కూర్చుని మా నాన్నని తలుచుకున్నాను. నేను హైదరాబాదు వదిలి వచ్చింది ఆయనకి ఒంట్లో బాగోకే. ఈ స్కానరు కొన్నాక ఆయన ఎనిమిది నెలలు బతికారు, ఇంట్లో నా పక్క గదిలోనే. ఆ ఎనిమిది నెలల్లో పూలకుండీ స్కాన్ చేశాను, పాత తాళంకప్ప స్కాన్ చేశాను, పనసపండు కూడా చేశాను. నాన్నా, ఒక్క నిమిషం ఇలా కూర్చో అని మాత్రం అనలేదు. ఎందుకు అనలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ తప్పు తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.

పోలమ్మ పాసింజరు బండిలో వచ్చింది. గురువులు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. సన్నగా, పొడుగ్గా, నిటారుగా నడిచే మనిషి. నాకని సంచీ నిండా ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చింది. కింది వ్యాపారి ముక్కు మూసుకుని పైకొచ్చి తొంగిచూసి, ఏమీ అనలేక దిగిపోయాడు.

తలను బల్ల మీద పెట్టి ఆమె చేతులు దాని మీద ఉంచాను. చప్పున వెనక్కి తీసుకుంది.

‘‘సల్లగా ఉన్నాది తల్లీ.’’

నీళ్లలో పోయిన కొడుకు ముఖాన్ని చల్లగా చేతికిచ్చానని అప్పుడు వెలిగింది నాకు. కొంచెం ఆగి ఆమే మళ్లీ చేతులు చాచింది. నుదురు తడిమింది. చెవులు రెండూ వేళ్ల మధ్య పట్టుకుంది. ‘‘సెవులు ఆడివే,’’ అంది. గురువులు నా వైపు చూసి తల ఊపాడు. ఆమె వేళ్లు ముక్కు మీదికి వచ్చి ఆగాయి. ఒకసారి పైనుంచి కిందికి, ఇంకోసారి కిందనుంచి పైకి. తరవాత దవడలు.

‘‘ఇదెవుల్ది తల్లీ?’’

‘‘మీ అబ్బాయిదే అమ్మా.’’

‘‘కాదు. మంచి తలకాయే. ఎవుల బిడ్డో. నా గుంటడు కాదు.’’ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ‘‘ఆడి ముక్కు సముద్రం పక్కకి ఉంటాది. ఇది ఎటూ నేదు.’’

నాకు పౌరుషం వచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, కళ్లు లేని ఆ మనిషితో వాదించాను. పదకొండు ఫోటోలమ్మా, అన్నీ కొలిచాను, లెక్క ప్రకారం ఇలాగే ఉండాలి అన్నాను. ఆమె కోప్పడలేదు.

‘‘పోటోలు నేనెరగను తల్లీ. నా ఏలు ఎరుగుతాది,’’ అంది. గురువులు భుజం కోసం చెయ్యి చాచింది. ఇద్దరూ మధ్యాహ్నం బండికే వెళ్లిపోయారు. ఆ తల బల్ల మీద ఉండిపోయింది. ఆమె ఏడవలేదు. ఏడాది కర్మకి ఇంకా రెండున్నర వారాలే ఉంది.

మర్నాడు పౌరుషం చల్లారాక ఫోటోలన్నీ మళ్లీ బల్ల మీద పరిచాను. ఈసారి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను. ఆరింటిలో ముక్కు ఒక పక్కకి, ఐదింటిలో రెండో పక్కకి. మధ్యస్థంగా ఒక్కటీ లేదు. లెన్సు తప్పయితే కొంచెం కొంచెంగా అన్ని రకాలూ ఉండాలి. ఇది రెండు గుంపులుగా చీలిపోయింది. అప్పుడు తట్టింది, సెల్ఫీ. చాలా ఫోన్లలో ముందు కెమెరాతో తీసుకున్న ఫోటో అద్దంలోలా తిరగబడి నిలిచిపోతుంది. సగం ఫోటోలు మనిషివి, సగం ఫోటోలు అద్దంలో మనిషివి. నేను ఆ రెండింటినీ కలిపి, ఒకదాని వంకరతో ఇంకోదాని వంకర కొట్టేసి, పుట్టని మనిషిని ఒకణ్ణి తయారుచేశాను. ఎడమ కుడుల్లో నన్ను మించినవాళ్లు లేరు మరి.

సరే, ఏ గుంపు అసలు, ఏ గుంపు అద్దం? బనియన్ల మీద అక్షరాలు లేవు, చొక్కా గుండీలు లేవు. గురువులికి ఫోను చేశాను.

‘‘ముక్కు ఏ పక్కకి ఉండేది?’’

‘‘ఎడం పక్కకి మేడమ్.’’

‘‘ఎవరి ఎడమ? మీ అన్నదా, ఎదురుగా నిలబడి చూసే నీదా?’’

అవతల తన ముక్కు తను పట్టుకుని చూసుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ‘‘ఆగండి మేడమ్... ఎదురుగా ఉంటే ఇటు... ఆడికైతే అటు... ఏటో మేడమ్, ఇప్పుడు నాకే తెల్డం నేదు.’’ స్నేహితుల్ని అడిగించాను. ఇద్దరు కుడి అన్నారు, ఒకతను ఎడమ అన్నాడు, ఇంకొకతను అసలు వంకరే లేదన్నాడు. కళ్లున్నవాళ్లందరూ అతన్ని రోజూ చూశారు. ఎటు ఒరిగిందో ఒక్కరికీ తెలియదు. ఫోను పోలమ్మకి ఇమ్మన్నాను.

‘‘అమ్మా, సముద్రం పక్క అన్నావు. మనిషి అటు తిరిగితే సముద్రం ఒక పక్క ఉంటుంది, ఇటు తిరిగితే ఇంకో పక్క. మరి ముక్కు ఏ పక్కని?’’

‘‘ఆడు తిరిగినప్పుడు నేనెక్కడ సూసినాను? కళ్లు పోయినకాడ నుంచి ఆడి ముఖం నా ఒళ్లోనే గదా ఎరుగుదును. సేపల ఏటనుంచి వచ్చి, తానం సేసి, నా ఒళ్లో తలెట్టుకుని తొంగుండేవోడు. అప్పుడు సముద్రం పక్కకి.’’

తెల్లారి పాసింజరు ఎక్కాను. ఆ ముందు రోజు నేను కాగితం మీద ఒక పటం గీసుకున్నాను. అందులో ఇల్లు, సముద్రం, సముద్రానికి ఎదురుగా కూర్చున్న పోలమ్మ. అలా కూర్చుంటే సముద్రం ఆమెకి ఏ పక్కనా ఉండదు, ఎదురుగా ఉంటుంది. లెక్క కుదరలేదు. కోటబొమ్మాళి దాటేదాకా ఆ కాగితంతో కుస్తీ పట్టి మడిచి సంచీలో పెట్టేశాను. నౌపడలో దిగి, ఉప్పుమళ్ల మీదుగా ఆటోలో భావనపాడు చేరాను.

చూశాక తెలిసింది. ఆమె సముద్రానికి ఎదురుగా కూర్చోదు. ఇంటి పక్కనున్న అరుగు మీద, ఉత్తరం కొసన స్తంభానికి వీపు ఆనించి, కాళ్లు దక్షిణానికి చాచి కూర్చుంటుంది. ఎందుకమ్మా అని అడిగితే, ‘‘ఎదురుగా కూకుంటే గాలి ముఖానికి కొడతాది, మాటాడనీదు,’’ అంది. సముద్రం ఆమె ఎడమ చేతి వైపున మోగుతోంది.

‘‘ఇప్పుడు గురువులు నీ ఒళ్లో పడుకుంటాడు. అప్పలరాజు ఎలా పడుకునేవాడో అలాగే,’’ అన్నాను.

‘‘నాకు సిగ్గు మేడమ్,’’ అన్నాడతను. నిజానికి అది సిగ్గు కాదు. తరవాత చెప్పాడు నాకు, అన్న పోయిన దగ్గర్నుంచి వాళ్లమ్మ తన ముఖం ముట్టుకోలేదట. చెయ్యి పట్టుకుంటుంది, భుజం పట్టుకుంటుంది, ముఖం దాకా రాదు. రెండు ముఖాలకీ తేడా కొంచెమేనాయె, వేలికి ఏది తగులుతుందోనని ఆమె భయం కాబోలు.

పడుకున్నాడు. కాళ్లు దక్షిణానికి చాచి, వెల్లకిలా, తల ఆమె ఒళ్లో. సముద్రం అతని ఎడమ చెవి పక్కన ఉంది. అతని ఎడమ, అతనిదే. నేను నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. అంతే, నాకు కావలసింది దొరికింది. కాని ఎవరూ కదల్లేదు.

పోలమ్మ చేతులు గాలిలో కాసేపు ఆగి, అతని నుదుటి మీద దిగాయి.

‘‘ఒరే, నీ తలకాయ ఇంత బరువేట్రా?’’

‘‘నాకు బుర్ర ఉన్నాదమ్మా. ఆడికి నేదు, అందుకే తేలిక.’’

ఆమె నవ్వింది. నవ్వుతూనే బొటనవేలు అతని ముక్కు మీద పెట్టి మెల్లగా సముద్రం పక్కకి నొక్కింది. ‘‘ఇంత... ఇంకొంచెం... అద్దీ. ఇక్కడుంటాది ఆడిది.’’ నేను వంగి ఆ బొటనవేలు ఆగిన చోటు ఫోటో తీసుకున్నాను, వెనక కెమెరాతో.

గురువులు కళ్లు మూసుకుని అన్నాడు. ‘‘ఆ వంకర నేను సేసిందే అమ్మా. సిన్నప్పుడు తెడ్డు తగిలింది గదా. తెడ్డు నా సేతిలోనే ఉన్నాది. ఆడు నీకు సెప్పొద్దన్నాడు. మేడమ్ ఆ ముక్కు సక్కగా సేసినప్పుడు, పోనీలే, తీరిపోయింది అనుకున్నాను.’’

‘‘ఎరుగుదును రా,’’ అంది పోలమ్మ. ‘‘ఆడు ఆ రోజే సెప్పీసినాడు.’’

నేను లేచి కాసేపు ఒడ్డు దాకా వెళ్లి వచ్చాను. నాకు అక్కడ పని లేదు.

ఆమదాలవలస వచ్చి, అద్దంలోవని తేలిన ఐదు ఫోటోల్ని తిరగేశాను. తిరగెయ్యడం అంటే ఒక్క మీట నొక్కడం. పదిహేను రోజులు ఎక్కడా పొసగకుండా పోట్లాడిన గుర్తులు నిమిషంలో ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ముక్కు అతని ఎడమకి ఒరిగింది, పోలమ్మ బొటనవేలు ఆగిన చోటుకే. దాంతోపాటు ఎవరూ నాకు చెప్పనిది ఇంకొకటి బయటపడింది. కుడి దవడ ఎడమదానికన్నా లావుగా వచ్చింది. మళ్లీ ఏదైనా పొరపాటేమోనని రెండుసార్లు లెక్క వేయించాను. పదకొండు ఫోటోలూ అదే చెప్పాయి. ఈసారి సమం చెయ్యాలని చెయ్యి దురద పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టే ప్రింటుకి పంపాను.

ఏడాది కర్మకి రెండు రోజుల ముందు తీసుకెళ్లాను. నౌపడ నుంచి ఆటోలో ఎండ తగిలే పక్కన కూర్చుని, తలను ఒళ్లో పెట్టుకుని, చీర చెంగు కప్పాను. ఆటో అతను అద్దంలో రెండు మూడుసార్లు అనుమానంగా చూశాడు. అరుగు దగ్గరికి వెళ్లేసరికి అది వెచ్చగానే ఉంది.

పోలమ్మ అదే చోట కూర్చుని ఉంది. నేను బల్ల కోసం చూస్తుంటే ఆమె ఒడి చూపించింది. తలను ముఖం పైకి వచ్చేలా ఒళ్లో పెట్టాను. ఆమె ముక్కు ముట్టుకుంది. వేళ్లు కిందికి జారి దవడల మీదికి వచ్చాయి. ఊరు పక్కనున్న కుడి దవడ దగ్గర ఆగిపోయాయి.

‘‘ఇది నీకెవులు సెప్పినారు?’’

‘‘ఎవరూ చెప్పలేదమ్మా. అదే వచ్చింది.’’

‘‘వల కుట్టినప్పుడు దారం కొరికే పక్క ఇది,’’ అంది. ‘‘కత్తి పక్కనే ఉన్నా పళ్లతోనే కొరికేవోడు. పళ్లూడిపోతాయిరా అని తిట్టేదాన్ని. ఇది నేను నీకు సెప్పనేదు. గురువులికీ తెల్దు.’’ రెండు దవడలూ అరచేతుల్లోకి తీసుకుంది. ‘‘ఓలమ్మో, వచ్చీసినావా నాయనా. బేగి రమ్మంటే ఇన్నాళ్లకా వచ్చినావు.’’

గురువులు లోపలికి పరుగెత్తి అన్న తువ్వాలు తెచ్చాడు. ఆమె దాన్ని ఆ బోడి తలకి చుట్టింది, వేటకు వెళ్లేవాళ్లు చుట్టుకునే పద్ధతిలో. చుట్టి, దాని మీద వంగిపోయి, ఏడ్చింది. పక్కిళ్ల ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చుని తామూ ఏడ్చారు. అప్పలరాజు చిన్నప్పుడు చేసిన అల్లరి పనులన్నీ ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పుకుంటూ ఏడ్చారు. ఏడాది పాటు ఆగిన ఏడుపు కదా, చాలాసేపు పట్టింది. మధ్యలో ఆమె ఎడమ చెయ్యి తలను వదిలి గాలిలో తడుముకుంది. గురువులు అర్థం చేసుకుని ముఖం ఆ చేతి దగ్గర పెట్టాడు. ఒక చెయ్యి ఒక ముఖం మీద, రెండో చెయ్యి రెండో ముఖం మీద.

పొద్దు వాలాక నన్ను అన్నం తినమని కూర్చోబెట్టారు. తనకు కూడా పెట్టమని పోలమ్మే అడిగింది. తింటూ తింటూ నన్ను అడిగింది.

‘‘నీకు ఎవులున్నారు తల్లీ?’’

అమ్మ నా చిన్నప్పుడే పోయిందనీ, నాన్న పోయి ఏడాది దాటిందనీ చెప్పాను.

‘‘మీ నాన్న తలకాయ సేసుకున్నావా?’’

‘‘లేదమ్మా.’’

‘‘ఏ? సేతిలో పని ఉన్నాది గదా. ఎలగుండేవోడు?’’

చెప్పడం మొదలుపెట్టాను. వెడల్పు నుదురు, ఒత్తు కనుబొమ్మలు, ఎడమ కనుబొమ్మ కొసన ఒక పుట్టుమచ్చ.

‘‘ఎవుల ఎడం?’’ అంది పోలమ్మ.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను ఫోనులో గురువుల్ని అడిగిన ప్రశ్నే. జవాబు తెలియలేదు. తెలియకపోవడానికి కారణం మాత్రం తెలిసింది. చిన్నప్పుడు రోజూ పొద్దున్న నాన్న కిటికీకి తగిలించిన అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే వెనక నిలబడి చూసేదాన్ని. అద్దంలోంచి నాకు ముఖాలు పెట్టి చూపించి నవ్వించేవారు. ఆయన ముఖం నేను నేర్చుకున్నది ఆ అద్దంలో. నా మనసులో ఉన్న ఎడమ నాన్నదో, అద్దంలోని మనిషిదో తేల్చుకోలేను. ఎదురుగా కూర్చుని తేరిపార చూసిన రోజు ఒకటైనా ఉందా అంటే గుర్తు రాదు. గోడ మీది ఫోటో చూసి తేల్చుకుందామంటే, అందంగా ఉంటుందని స్టూడియో అతను ఆ మచ్చ చెరిపేశాడు. అతన్ని ఏమనడానికీ నాకు నోరు లేదు, అప్పలరాజు ముక్కు చెరిపినదాన్ని నేనే.

ఆ తరవాత చాలా ముఖాలు చేశాను. ముఖాన్ని ఆ మనిషిదిగా నిలిపేది రెండు పక్కలూ పొసగని చోటే, దాన్ని సగటులో కలిపెయ్యకూడదు అన్నది ఆ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు వచ్చినా మొదట రెండు ప్రశ్నలు అడిగి కాగితం మీద రాసుకుంటాను. ఎవరి ఎడమ? మీరు ఎక్కడ కూర్చుని చూశారు? కొందరు విసుక్కుంటారు, కొందరు నవ్వుతారు. కొందరు జవాబు కోసం కళ్లు మూసుకుని, పోయినవాళ్ల పక్కన మళ్లీ ఒకసారి కూర్చుని వస్తారు. నేనూ చాలాసార్లు ప్రయత్నించాను. ఆ కిటికీ దాకా వెళ్తాను, ఆయన వెనక నిలబడతాను, అద్దంలో ఆయన నవ్వుతారు. నాన్నా, ఒక్కసారి ఇటు తిరుగు అంటాను.